పాసైతే పోవాల్సిన పిల్ల

గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలేసి నేస్తాం. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మగ్గం గుంటలో ఇద్దరు కూర్చోవాలి. ఒకరు నడుమ నాడె, అంటే దారం కండె పెట్టిన చెక్క, విసురుతుంటే ఇంకొకరు అంచు నాడె అందుకోవాలి. నా పెనిమిటి పోయాక ఆ రెండో చోట నా కొడుకు కూర్చున్నాడు. పెళ్లయిన రెండో ఏడు వాడికి జ్వరం వచ్చి మెదడుకెక్కింది. కర్నూలు దవాఖాన దాకా తీసుకుపోయాం, వాడు దక్కలేదు.

దినాలు అయ్యీ కాకముందే సావుకారి మనిషి వచ్చి, మగ్గం మీద సగంలో ఆగిన చీర సంగతి అడిగాడు. అడగడం తప్పు కాదు. నూలూ ఆయనదే, పట్టూ ఆయనదే. ఏం చెప్పాలా అని నేను చూస్తుండగానే నా కోడలు లేచి వెళ్లి గుంటలో వాడి చోట కూర్చుంది. ఇరవై రెండేళ్ల పిల్ల. పిల్లాజెల్లా లేరు. పుట్టింట్లో మగ్గం లేదు, వాళ్లది ఆత్మకూరు దగ్గర సేద్యం చేసే ఇల్లు. మావాడు సరదాగా నేర్పిన పని, అప్పుడు అక్కరకొచ్చింది.

చీర పూర్తయింది. ఇంకోటి ఎక్కించాం. ఆ పిల్ల పొద్దున గుంటలో దిగితే అన్నానికే లేచేది. నాకు అది నచ్చలేదు. నేనూ ఆ వయసులోనే, అలాగే, అదే గుంటలో దిగాను. లేచేసరికి మోకాళ్లు పోయాయి, తలకాయ నెరిసింది.

మా గద్వాలా, వాళ్ల ఆత్మకూరూ అప్పుడు ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే. కోడలి అన్న ఒకసారి వచ్చి, వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పని ఖాళీ అవుతుందనీ, ఆ ఊళ్లో ఉండే మనిషికే ఇస్తారనీ, పదో తరగతి ఉండాలనీ చెప్పాడు. ఈమె తొమ్మిది చదివి, పెళ్లని మానేసింది. నేను ఆ వారమే పోయి, ఇంటి దగ్గర చదువుకుని పరీక్ష రాసే పదో తరగతిలో ఆమె పేరు రాయించాను. ఆమెను అడగలేదు. పుస్తకాలు తెచ్చి ఒళ్లో పెట్టాను.

ఎదురింటామె గడపలో కూర్చుని కండెలు చుడుతూ అడిగింది. "ఏందక్కా, కోడల్ని కలెక్టరమ్మను చేస్తవా?"

"చేస్త. నీ ఇల్లు రోడ్డుకు అడ్డం ఉందని ముందు అదే కూలగొట్టిస్త."

ఆమె నవ్వింది. నా కోడలు నవ్వలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమెకు పుస్తకం, నాకు రాట్నం. నాకప్పుడు అక్షరం రాదు. పుస్తకం ముందు తల వంచుకుని కూర్చుంటే చదువుతుందనే అనుకున్నాను. అయితే చదువు రానివాళ్లం బొమ్మలు బాగా చూస్తాం. ఆమె ఒళ్లో ఎప్పుడు చూసినా ఒకటే బొమ్మ, మనిషి గుండెను కోసి లోపల చూపించేది.

"ఏమే, చదువుతున్నవా?"

"చదువుతున్న అత్తమ్మా."

"ఏం చదువుతున్నవే? వారం సంది గదే గుండె."

పుస్తకం మూసేసింది. "నాకు ఎక్కుతలేదు అత్తమ్మా. కండ్లు చూస్తయి, లోపటికి పోదు."

నాకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. వంట నేను చేశాను. పొద్దున లేపి చాయ్ ఇచ్చాను. తిట్టాను. ఎదురింటామె కూతురు మార్కులు చెప్పి సిగ్గు పెట్టాలని చూశాను. దేనికీ ఆ పిల్ల కదల్లేదు. చివరికి ఆ పరీక్ష కట్టినవాళ్లకు ఆదివారాలు పాఠాలు చెప్పే సారు దగ్గరికి పోయాను. చిన్న వయసాయన. గోడ మీద టైంటేబుల్ అతికించమన్నాడు. అతికించాం. అది బల్లులకు నీడైంది. మళ్లీ పోయాను.

"ఇంకొకరికి చెప్తే తనకు వస్తదమ్మా. ఇంట్ల చిన్నపిల్లలు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు.

"లేరు సార్. నేనున్న," అన్నాను.

అలా నాకు అక్షరాలు మొదలయ్యాయి. యాభై దాటిన మనిషిని, పలక పట్టుకున్నాను. ఆమె గట్టి పంతులమ్మ. తప్పు రాస్తే తుడిపించేది. "గింత సన్నగ నేస్తవు, గింత లావు రాస్తవేందత్తమ్మా?" అనేది. నేను సాంఘికం పుస్తకం తెచ్చి, ఇందులో ఏముందో చెప్పమని కూర్చునేదాన్ని. ఒకరోజు నదుల పాఠం.

"కృష్ణ మహాబలేశ్వరంల పుట్టింది."

"మన పక్క నుంచి పోతదని తెలుసు. యాడ పుట్టిందో మనకెందుకు?"

"పరీక్షల అడుగుతరు."

"అడిగినోనికి తెల్వదా?"

ఆ మాటలతో ఇల్లు కాస్త ఇల్లయింది. నాకు గుణింతాలు వచ్చాయి, బస్టాండులో గోడల మీద ఏం రాశారో కూడుకుని చదివేదాన్ని. ఆమె చదువు మాత్రం అక్కడే ఉంది. నాకు చెప్పడానికి కావలసినంతే చదివేది. నేను రాట్నం ముందుకు జరగ్గానే పుస్తకం పక్కన పెట్టేది. ఒంట్లో బాగా లేదేమోనని కూడా అనుకున్నాను.

ఎండలు ముదిరాక హాల్‌టికెట్టు వచ్చింది. సారు ఒక పిల్లాడి చేత పంపించాడు. ఆమె దాన్ని చూసి పక్కన పెట్టి, నాడె చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. నా నాడె పోయి ఆగింది.

"వెయ్యవేందే?"

"అత్తమ్మా, నేను పాసైతే నన్ను పంపిస్తవు గదా."

"పంపిస్త."

"ఫెయిలైతే?"

"అప్పుడు గూడ పంపిస్త. మీ అన్న వచ్చి తోలుకపోతడు. వదిన వంటింట్ల కూసుంటవు. పాసైతే నీ జీతం మీద నువ్వు కూసుంటవు. గంతే ఫరక్."

"ఈడనే ఉంటే ఏమైతది?"

"ఏమైతది, నా తీరు అయితవు."

"నీ తీరు అయితే తప్పేంది?"

నా బతుకులో తప్పేముందని నన్నెవరూ అంతకుముందు అడగలేదు. అంతలో ఆమె అసలు మాట చెప్పింది.

"ఆయన కూసున్న చోటు గిది. గిది ఇడిసిపెట్టి పోతే నాకు ఆయన యాడుంటడు?"

అప్పుడు అర్థమైంది, అక్షరం ఎందుకు ఎక్కడం లేదో. ఒక్కొక్క పేజీ తిప్పితే ఒక్కొక్క అడుగు ఈ ఇంటికి దూరం పడుతుంది. అలాంటి పుస్తకం ఎవరికి ఎక్కుతుంది?

మంచిమాట ఏదైనా చెప్పవచ్చు. ఉన్న మాటే చెప్పాను.

"వాడు యాడ లేడు బిడ్డా. గుంటల గూడ లేడు. నీ కన్న ముందు సంది ఈడ కూసున్న. రోజూ చూస్తున్న. లేడు."

ఆమె ఏడ్చింది. వాడు పోయిననాడు కూడా అంత ఏడవలేదు. పట్టు మీద నీళ్లు పడితే మరక తేలుతుందని నా కొంగు తీసి అడ్డం పెట్టాను. ఆమె కళ్లకు కాదు, అంచుకు. అది చూసి ఇంకా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మొహం పక్కకు తిప్పుకుని.

ఆ సాయంత్రం నుంచి చదివింది. ఉత్సాహంతో చదివిందని ఎవరైనా అంటే నమ్మకండి. కూలికి పోవాల్సిన మనిషి పోయినట్టు చదివింది. నిద్ర వస్తే నిలబడి చదివింది. లెక్కలు రాక తల గోడకేసి కొట్టుకుంటుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. చదవాలంటే ముందు మనసు రావాలని అందరూ అంటారు. ఆమెకు మనసు రాలేదు. రాదని తెలుసుకున్నాకే పుస్తకం తెరిచింది.

పరీక్షలు వనపర్తిలో పడ్డాయి. రోజూ ఇద్దరం బస్సులో పోయేవాళ్లం. ఆమె లోపల, నేను గేటు బయట నీళ్ల బాటిలు పట్టుకుని. లెక్కల పరీక్షనాడు బయటికి వచ్చి, "వచ్చిన కాడికి రాసిన," అంది. ముప్పై అయిదు రావాలంట. సరిగ్గా దాని మీదనే గట్టెక్కింది. పేపర్లో నంబరు నేనే వెతికి పట్టుకున్నాను. ఎదురింటామె చక్కెర పట్టుకొచ్చింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

వానలు పడే రోజుల్లో పని ఖాయమైంది. అన్న తోలుకపోవడానికి వచ్చాడు. మగ్గం మీద చీర కొంగు దాకా వచ్చి ఉంది.

"గీ చీర అయినంక పోత," అంది ఆమె.

చెయ్యి మారితే నేత తేడా వస్తుంది, అది నిజమే. అన్న గడపలో కూర్చుని చాయ్ మీద చాయ్ తాగాడు. "చెల్లె, బస్సు పోతది. గిదేం చీర, రామాయణం లెక్కున్నది," అన్నాడు. ఆ రోజు దారాలు తెగుతూనే ఉన్నాయి. తెగడం, ముడివేయడం, మళ్లీ తెగడం. నా వైపు ఒక్కటీ తెగలేదు.

"బిడ్డా," అన్నాను నెమ్మదిగా, అన్నకు వినబడకుండా, "దారం దానంతట అది తెగుతలేదు."

ఆమె తల దించుకుంది. నవ్విందో ఏడ్చిందో, భుజాలు కదిలాయి. ఆ తర్వాత దారం తెగలేదు. మర్నాడు పొద్దెక్కేసరికి చీర అయిపోయింది. కత్తెర ఆమె చేతికిచ్చాను. కోసి, మడతపెట్టి, నా కాళ్లు మొక్కి, అన్న వెనక నడిచింది.

సావుకారి మనిషి మరుసటి చీరకు పడుగు నూలు తెచ్చాడు. అంచు కలిపే చీరలు ఇక నేయనని, ఒక్క మనిషితో అయ్యే సాదా చీరలు ఇమ్మని చెప్పాను.

"వాడకట్టుల ఇంకో పిల్ల దొరకదా? కూసుండబెట్టుకో," అన్నాడు.

"దొరుకుతది, నాకొద్దు," అన్నాను. ఆయనకు అంతవరకే చెప్పాను. ఇంకొక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంటే, దాన్నీ చదివించి పంపాలి. ఆ ఓపిక నాకు లేదు.