వేపకొమ్మకు కట్టిన రాగి తీగ

రావల్కోల్‌ల మా ఇంటెనక రేడియో ఏరియల్ తీగ కట్టనీకి నాకు రెండు ఆదివారాలు పట్టింది. నేను బడిల సైన్సు చెప్త. హామ్ రేడియోల దూరపూర్లోళ్లతోని మాట్లాడెతందుకు సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న. సన్నతాడుకు రాయి గట్టి వేపకొమ్మ మీదికెళ్లి ఇసిరితే ఏడుసార్లు తప్పింది, ఎనిమిదోసారి అవతల పడ్డది. తాడుతోని రాగి తీగను పైకి గుంజి, రెండో కొసను మిద్దె మీది ఇనుప పైపుకు కట్టిన. వానలు పడ్డప్పుడల్లా అతుకుల కాడ పచ్చగ చిలుం పట్టేది. గీకి, మళ్ల టంకం పెట్టేదాన్ని. మూడేండ్లు గట్లనే కాపాడుకున్న.

ఒకరోజు బడి నుంచి వచ్చి చూస్తే తీగ లేదు. నాలుగు ముక్కలు జేసి, చుట్టచుట్టి, కోళ్లగూడు పక్కన పడేసిన్రు.

ఇంటెనక జాగ మాకు, మా ఆయన అన్నకు ఉమ్మడి. ఆయన, అంటే మా బావ, అరుగు మీద కూసొని చాయ్ తాగుతున్నడు.

"తీగ ఎవరు కోసిన్రు బావా?"

"నేనే. పిడుగు గుంజుతదంట."

"నన్నొక మాట అడగొద్దా?"

"అడిగేదేంది? ఆడిదానివి, రేడియోల ఎవలెవలితోనో ముచ్చట్లు. ఊరంత నవ్వుతున్నది."

అప్పుడు తెలిసింది, సంగతి పిడుగు కాదని. నాకు ఒళ్లు మండింది.

"పోయినేడు వానలకు రెండు రోజులు ఫోన్లు బందైనయి. కరీంనగర్‌ల నీ బిడ్డ ఎట్లున్నదోనని నా దగ్గరికే ఉరికొచ్చినవు. గా ఊర్ల ఒక పెద్దాయన రేడియోల దొరికి, పోయి చూసొచ్చి చెప్పిండు. గప్పుడు ఊరు నవ్వలేదా?"

బావ గ్లాసు కింద పెట్టి లోపలికి పోయిండు.

మా ఆయన "పెద్దోడు గదా, ఇడిసెయ్" అన్నడు. గా మాటకు ఇంకింత కోపమొచ్చింది. "తీగ నాది. ఇడుస్తనో లేదో నేను చెప్త" అన్న.

ఆదివారం నాడు ముక్కలన్నీ అతికిన. ఉమ్మడి చెట్టు జోలికి పోకుంట మా మిద్దె మీదనే వెదురుబొంగు పాతి, జాగ సాలక తీగను మూలకాడ వంచి గోడ మీదికి దించిన. దూరపు గొంతులు ఇప్పుడు మునుపటంత సాఫ్‌గ ఇనపడుత లేవు. సాఫ్‌గ ఇనపడనప్పుడల్లా బావ మీద కోపం మళ్ల లేస్తది.

మొన్న బావనే పలకరించిండు, "ఇంకా అలిగినవా?" అని.

"అలగలే. 'తప్పు జేసిన' అని అను ముందు" అన్న.

బావ ఆ మాట ఇంకా అనలే.