అది బోద కాదు

మా వైపు కాలు వాచిందంటే బోదే. కోటబొమ్మాళిలో మా అప్ప, అంటే మా అక్క, ఉన్న వీధిలో చాలా ఇళ్లలో బోదకాలు వాళ్లుండేవారు. ఎవరూ వింతగా చూసేవారు కాదు.

పంతొమ్మిది వందల అరవైల చివర మా బావకి వరిబీజం ఆపరేషన్ అయింది. రోజూ కాస్త నడవమని చెప్పి డాక్టరు ఇంటికి పంపాడు. కుట్లు ఊడిపోతాయన్న భయంతో అప్ప ఆయన్ని మంచం దిగనివ్వలేదు. కొన్నాళ్లకి ఎడమ పిక్క లాగుతోందన్నాడు. మర్నాటికి ఆ కాలు ఒక్కటే తొడదాకా వాచి వేడెక్కింది. చూడ్డానికి వెళ్లాను.

"ఏటి బావా, కాలు ఇలాగయిపోనాది?"

"ఆపరేషన్లో తీసీసినారు కదరా, అదొచ్చి కాల్లో కూకున్నాది."

"సిగ్గు నేదు నీకు! తమ్ముడి ముందర ఏటా మాటలు?" అని కసిరి, అప్ప వేడి ఆముదంతో పిక్క నొక్కసాగింది.

"ఒసే, మెల్లగా! అది కాలే, పిండిముద్ద కాదు."

"నొక్కితేనే వాపు దిగుతాది. ఓర్సుకో."

ఆ రోజు నా డైరీలో కూడా "బావకి బోద" అనే ఉంది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే బావ, అప్ప భుజం పట్టుకుని పెరట్లోకి బయల్దేరాడు. "ఊపిరాడ్డం నేదే" అంటూ గడప మీద కూలబడ్డాడు. బండి కట్టేలోగా ప్రాణం పోయింది.

కర్మలయ్యాక, ఎందుకిలా అయిందో అడగాలని అప్ప పట్టుబట్టింది. ఇద్దరం ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన అంతా విన్నాడు.

"అది బోద కాదమ్మా. ఆపరేషనయ్యాక కదలకుండా పడుకుంటే కాలి లోపలి పెద్ద రక్తనాళంలో నెత్తురు గడ్డకడుతుంది ఒక్కోసారి. ఆ ముక్క తెగి ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ఉంటుంది. ఒక్క కాలే అలా ఉన్నట్టుండి వాస్తే వెంటనే తీసుకురావాలి. నొక్కకూడదు."

అప్ప తన చేతులకేసి చూసుకుంది. "నాను నొక్కబట్టేనా బాబూ?"

"నొక్కకపోయినా తెగేదేమో. ఎవరం చెప్పలేం తల్లీ."

డాక్టరు అవునన్నా, కాదన్నా అప్ప ఎలాగో బతికేదనిపిస్తుంది నాకు. తర్వాత అప్ప మా ఇంటికి వచ్చేసింది. మా అమ్మ మంచాన పడితే స్నానం చేయించింది, అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది. కాళ్లు పీకుతున్నాయని అమ్మ మూలిగితే మాత్రం నన్ను పిలిచి, తను వీధిలోకి వెళ్లిపోయేది.