ఆకలిగొన్న మీటరు

నా చిన్నప్పుడు, చెన్నూరుకు ఆమడ దూరంలోని మా పల్లెలో, కరెంటు ఉండటం వేరు, అది పనికివచ్చేంత ఉండటం వేరు. బల్బు వెలిగేది గాని, ఆరిపోతున్న నిప్పుకణికలా ఎర్రగా మాత్రమే వెలిగేది. అంత తక్కువ ఓల్టేజీలో నడిపితే పొలాల మీది మోటర్లు మూలిగి మూలిగి, లోపలి తీగచుట్టలు మాడి ఆగిపోయేవి. మా రైతుల అలసటలో సగం దున్నడం వల్ల కలిగింది కాదు. సరిపడా కరెంటు కోసం స్టార్టరు డబ్బా ముందు కూర్చుని ఎదురుచూడటం వల్ల కలిగింది. ఆ కూర్చోవడాన్ని తలచుకుంటే ఈ వయసులో కూడా నా నడుము బరువెక్కుతుంది.

అప్పుడు నాకు పదమూడేళ్లు. పొద్దున బడిలో పద్యాలు వల్లెవేసేదాన్ని. సాయంత్రం పాడుబడిన రేడియోల నుంచి ఊడదీసిన ట్రాన్సిస్టర్లనూ రెసిస్టర్లనూ ముందేసుకుని, చిన్న చిన్న దీపాలు మిణుకుమనిపిస్తూ మురిసిపోయేదాన్ని. దుబాయికి కూలిపనికి వెళ్లిన మా చిన్నమామ ఆ ఏడు వస్తూ నాకొక డిజిటల్ మీటరు తెచ్చాడు. పసుపుపచ్చనిది, అరచేతికన్న కొంచెం పెద్దది. అక్కడి ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికిన అగ్గువ సరుకని తానే చెప్పి నవ్వాడు. నాకు మాత్రం అది అపురూపమైంది. సూది మీటరులో సూది ఊగిసలాడుతుందని పుస్తకంలో చదివాను. దీనిలో ఆ ఊగిసలాట లేదు, తేటతెల్లంగా ఒక అంకె కనబడుతుంది. చుక్క తరువాత కూడా అంకెలు చూపగల వస్తువు తప్పు చెబుతుందన్న ఊహ ఆ వయసులో నాకు కలగలేదు.

ఆ అంకెల మీది మోజుతో దాన్ని ఆపడమే మానేశాను. కొన్నాళ్లకు తెర మూలన చిన్న బ్యాటరీ బొమ్మ ఒకటి వచ్చి నిలిచింది. అదొక అలంకారమనుకున్నాను.

మా పక్కింటి కాకకు బావి కింద ఎకరన్నర యాసంగి వరి ఉండేది. గింజ పాలు పోసుకునే వేళ. ఆయన స్టార్టరు డబ్బాకున్న మీటరు ఏనాడో చెడిపోయి, సూది ఒకేచోట అతుక్కుని ఉండేది. నాలుగు రోజులుగా నీళ్లందక మడి నెర్రెలిచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు రాగానే ఆయన మా వాకిట నిలబడి, “ఇంజినీరమ్మా, నీ దుబాయి పెట్టె వట్టుకొని జర నడువు” అని కేకేశాడు. బావి దగ్గర తీగల కొసలను నన్ను ముట్టనీయక తానే ఆనించాడు. మోటరు నడవాలంటే నాలుగు వందల ఓల్టుల దాకా ఉండాలి. నేను అంకె చదివాను.

“నాలుగు వందలున్నది కాకా!”

“నిజమేనా? బల్బు జూస్తే గుడ్డిగున్నది.”

“బల్బుకేం దెలుస్తది కాకా, అంకె జూడు.”

ఆయన అంకె చూశాడు. మోటరు వేశాడు. మూడు గంటలు గడవకముందే, కాలిన లక్క వంటి వాసన బావిగట్టంతా కమ్ముకుంది.

మర్నాడు కాక మోటరును బండికెత్తి చెన్నూరులో వైండింగు మిస్త్రీ దగ్గరికి బయలుదేరితే, తప్పు కరెంటుదే గాని నాది కాదని రుజువు చేయడానికి నేనూ మీటరుతో బండెక్కాను. నల్లబడిన తీగలను చూస్తూనే మిస్త్రీ, “తక్కువ కరెంటుల నడిపిండ్రు” అన్నాడు. నేను ఊరుకోలేదు. నాలుగు వందలు చూపిందని వాదించాను. ఆ పెద్దమనిషి కోప్పడలేదు. అలమారలోంచి కొత్త టార్చిలైటు సెల్లు తీసి, ఇదెంత ఇస్తుందని అడిగాడు. ఒకటిన్నర అన్నాను. కొలవమన్నాడు. తెర మీద దాదాపు రెండు కనిపించింది. తరువాత మీటరు వెనుక మూత విప్పి కొత్త బ్యాటరీ వేసి, మళ్లీ కొలవమన్నాడు. సరిగ్గా ఒకటిన్నర.

“గిది అబద్ధాలాడలే బిడ్డా. దీనికి ఆకలైంది. కడుపు మాడినకొద్దీ ఎక్కువ జెప్తది. గా మూలకు బొమ్మ వెట్టి మొత్తుకుంటనే ఉన్నది, నువ్వు ఇనలే.”

ఏడుపు ఆపుకుంటూ, అగ్గువదాన్ని పారేయాలా అని అడిగాను.

“ఎందుకు పారేసుడు? నీ రేడియో ఆటకు బరాబర్ చాలు. గాడ తప్పైతే చిన్న దీపం మాడుతది. గీడ తప్పైతే ఒకని పంట మాడుతది. గసొంటి మాట దీన్ని అడిగే ముందు, మనకు ఎరుకైనదాని మీద వెట్టి జూడాలె.”

కాక గడప దగ్గర కూర్చుని ఇదంతా విన్నాడు. తిరుగుదారిలో, “మీ బాపుకు జెప్పకు. వైండింగు పాతదే” అన్నాడు. ఊళ్లో ఎందరడిగినా అదే మాట చెప్పాడు. నా పేరు బయటికి రానీయలేదు. మోటరు బాగై రావడానికి ఆరు రోజులు పట్టింది. అప్పటికి ఎగువ మడి గింజ పట్టక తాలైపోయింది.

మోటరు బావి దగ్గర దిగిన నాడు కరెంటు వచ్చిందని తెలిసి నేను వంటింట్లో నక్కాను. కాక వెతుక్కుంటూ వచ్చాడు.

“ఏందమ్మా, దాసుకున్నవ్? పెట్టె తీస్కరా.”

“నేను రాను కాకా. ఇంకెవల్నన్న అడుగు.”

“ఎవల్ని అడగాలె? తప్పు జేసింది నువ్వే, గిప్పుడు అందరికన్న పక్కాగ జూసేది నువ్వే.”

మీటరుతో బావి దగ్గరికి వెళ్లి, ముందుగా ఒక కొత్త టార్చిలైటు సెల్లు మీద పెట్టి చూశాను. సరిగానే ఉంది. తరువాత కాక కొసలు ఆనించాడు. ఒకటికి రెండుసార్లు చదివాను.

“మూడు వందల పదే ఉన్నది కాకా. ఎయ్యద్దు.”

ఎదురుగా మిగిలిన వరి తలవాల్చి ఉంది. ఆయన వేలు స్టార్టరు మీట మీద ఉంది. మడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. వేలు తీసేసి గట్టున కూలబడ్డాడు. పొద్దు వాలేదాకా ఇద్దరమూ అక్కడే ఉన్నాం. ఆ రోజు ఓల్టేజీ పెరగనే లేదు. మర్నాడు ఉదయం పెరిగింది. దిగువ మడి కొంత దక్కింది, కొంత దక్కలేదు.

ఇప్పుడు దేన్నయినా తేల్చి చెప్పమని నన్ను అడిగేవారెక్కువ, నాలో ఓపిక తక్కువ. అయినా జవాబు నాలుక చివరికి వచ్చాక ఒక క్షణం ఆపుకుంటాను. ఇది తప్పైతే ఎదుటివారికి ఏం పోతుందో ఆలోచించుకుంటాను. ఎండుతున్న పంట ముందు, ఒకసారి ముంచిన పిల్ల మాటనే మళ్లీ నమ్మి వెనక్కి తీసుకున్న ఆ వేలు, ఇన్నేళ్ల తరువాత కూడా నేను నోరు విప్పిన ప్రతిసారీ నా మాట కోసం ఆగి ఉన్నట్టే అనిపిస్తుంది.