రేడియేటర్‌లో పసుపు

అక్కకు ఆ సాయంత్రం అయిదింటికి నర్సాపురంలో ఆపరేషన్. "తమ్ముడొచ్చి ప్రార్థన చేస్తేగాని బల్ల ఎక్కను" అని కబురు పంపింది. అమలాపురంలో బస్సు తప్పిపోవడంతో ఒంటిగంటకు సూర్రావు అంబాసిడర్ టాక్సీ మాట్లాడుకుని బయలుదేరాను.

అంబాజీపేటలో కొబ్బరి లారీల వెనక అరగంట నిలిచిపోయాం. గన్నవరం అక్విడక్టు దాటి రాజోలు దారి పట్టగానే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

"రేడియేటర్ చిల్లడిందండి. నీళ్ళు పోసినా నిలవవు" అన్నాడు సూర్రావు. మెకానిక్ రాజోల్లోగాని లేడట. సఖినేటిపల్లిలో గోదావరి దాటించే నాలుగింటి పంటు తప్పితే నర్సాపురం చేరేసరికి చీకటి పడుతుంది.

రోడ్డు పక్కనే మోకరించి అక్క కోసం గట్టిగా ప్రార్థించాను. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి ఎదురింటావిడ చెంబుతో నీళ్ళు, పసుపు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"వద్దమ్మా. మేం విశ్వాసులం, బండికి పూజలు చేయించం" అన్నాను.

"పూజ కాదండీ బాబూ, మందు! మా ట్రాక్టరుకి మా ఇంటాయన ఇదే పోస్తారు. చిల్లు పూడిపోద్ది."

"కూరలో తినరేటండీ పసుపు?" అన్నాడు సూర్రావు.

సంఘంలో నేర్చుకున్న బైబిలు వాక్యాలన్నీ మనసులో తిరగేశాను. ఏది దీనికి వర్తిస్తుందో తేలలేదు. అక్క ముఖం మెదిలింది. నేనే గుప్పెడు పసుపు తీసి నీళ్ళలో కలిపాను. ఇంజను చల్లారాక సూర్రావు పోశాడు. కాసేపటికి కారడం ఆగింది.

ఇంతలో ఆవిడ బానెట్ మీద పసుపు బొట్టు పెట్టేసింది.

"మళ్ళీ ఇదేమిటమ్మా?"

"లోపల పోసింది బండికండి. ఇది మీ అక్కగారికి. మీరు మీ దేవుడికి చెప్పుకున్నారు కదా, నన్ను చెప్పుకోనివ్వరా?"

"ఆయ్" అన్నాడు సూర్రావు, నా బదులు.

పంటు అందింది. ఆసుపత్రిలో అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇదేంట్రా, ఎవరి పెళ్ళి నుంచొస్తున్నావు?" అంది. ఆ పచ్చటి చేతినే ఆమె తలమీద ఉంచి ప్రార్థన చేశాను. నవ్వుతూ లోపలికి వెళ్ళింది.

అక్క లేచి జావ తాగాక తిరుగు ప్రయాణమయ్యాను. సఖినేటిపల్లి రేవులో మళ్ళీ సూర్రావే ఎదురయ్యాడు. బానెట్ మీద బొట్టు అలాగే ఉంది.

"తుడవలేదా?"

"రేడియేటర్ ఇంకా మార్పించలేదండి. ఏది ఆపిందో తెలీకుండా ఎలా తుడిచేస్తానండీ?"

ప్రభువే నడిపించాడన్నది నాకు నిశ్చయం. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాలి. అందులో ఈ పసుపును ఎక్కడ ఉంచాలో రాజోలు దాటినా తెలియలేదు. పసుపు ఇచ్చినావిడ ఇంటి ముందు బండి ఆపించి, అక్క కులాసాగా ఉందని చెప్పాను.

"ఆయ్, నాకు తెలుసండి" అందావిడ.