రాని రివాల్వర్, పోయిన రివాల్వర్

డెల్బర్ట్ హాస్క్యూ జీవితమంతా గాలిమరలు బాగుచేసి బతికాడు. అమెరికాలోని ఒక్లహోమా రాష్ట్రం పడమటి కొసన వీచే గాలికి జడవకుండా నిచ్చెన చివర నిలబడగలిగిన మనిషి, స్నేహితుడి నడుముకు వేలాడే తుపాకీని చూసి మాత్రం తట్టుకోలేకపోయేవాడు. కడుపు మండిపోయేది. మండదా మరి? ఆ తుపాకీ ఒకప్పుడు అతనిదే.

నెలకో శనివారం అక్కడివాళ్లు పాతకాలపు పశువుల కాపర్ల వేషం కట్టి, ఇనుప పలకల్ని కాల్చే ఆట ఆడతారు. టోపీ, బూట్లు, మారుపేరు ఉండాల్సిందే. డెల్బర్ట్ మారుపేరు తుప్పురేకు. వీటన్నిటికీ మించి, నడుముకు రెండు రివాల్వర్లు లేనివాడిని ఆటలో దిగనివ్వరు. డెల్బర్ట్‌కి కవలపిల్లల్లాంటి జత ఉండేది. అక్కడివాళ్లంతా దాన్ని చూసి ముచ్చటపడేవాళ్లు.

ఇంతలో ఇటలీ కంపెనీ ఒకటి, ఎప్పుడో తాతల కాలంలో ఆగిపోయిన ఓ అపురూపమైన రివాల్వర్‌కి అచ్చం అలాంటి నకలు చేస్తున్నామని బొమ్మ వేసి మరీ ప్రకటించింది. డెల్బర్ట్ ఆ బొమ్మ చూసి మతి పోగొట్టుకున్నాడు. చలికాలానికల్లా వచ్చేస్తుందన్నారు. ఇంట్లోకి మూడో తుపాకీ వస్తే తను బయటికి నడుస్తానని భార్య ఓపల్ ముందే తేల్చి చెప్పింది. దాంతో జతలో ఒకదాన్ని చిన్నప్పటి స్నేహితుడు రాయిస్ టాకెట్‌కి అమ్మేసి, నడుముపట్టీలో కొత్తదానికి చోటు ఖాళీ చేసిపెట్టుకున్నాడు. కాగితం మీద బొమ్మను నమ్మి చేతిలో తుపాకీ అమ్ముకోవడం ఆ ఆటగాళ్లకే చెల్లింది.

చలికాలం వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి కంపెనీవాళ్లు ఆ రివాల్వర్‌ని రద్దు చేసుకున్నామని ఒక్క ముక్క చెప్పి చేతులు దులిపేసుకున్నారు.

ఆ శనివారం భోజనాల బల్ల దగ్గర చూడాలి గోల! చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె పళ్లేల్లో చల్లారిపోతున్నా పట్టించుకున్నవాడు లేడు.

"ఇవాళ్టి నుంచి ఇటలీ వంట ముట్టుకుంటే ఒట్టు," అన్నాడు ముసలి ఓర్వల్. అతనికి చెవులు సరిగ్గా వినపడవు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

"నిన్న రాత్రే కదయ్యా పిజ్జా లాగించావు!" అంది ఆటలో టైము లెక్కపెట్టే ఇమొజీన్. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, బొమ్మల్ని నమ్మకండ్రా అని. విన్నారా ఎవరైనా?"

"ఆ బొమ్మ ఫ్రిజ్ మీద అతికించి రోజూ దండం పెట్టావు కదక్కా!" అన్నారెవరో. బల్లంతా ఘొల్లుమంది.

ఆ కొత్త రివాల్వర్ కోసం ముందుగా పేరు రాయించుకోనివాడు రాయిస్ ఒక్కడే. అందుకని హాయిగా తింటున్నాడు. "బాధెందుకురా డెల్బర్ట్? ఆ బొమ్మే కత్తిరించి నడుముకు కట్టుకో. బరువుండదు, తుప్పూ పట్టదు!"

డెల్బర్ట్ అందరితోపాటు పళ్లికిలించాడు. చేతులు కడుక్కునే చోట రాయిస్‌ని పక్కకి పిలిచాడు.

"నాది నాకు తిరిగిచ్చెయ్‌రా. నువ్విచ్చినదానికంటే ఎక్కువే ఇస్తా."

"అప్పుడు నవ్వుతూ అమ్మావు కదరా. ఇప్పుడది నా చేతికి అలవాటైపోయింది. నీకు కావాల్సినప్పుడల్లా వాడుకో, నేను కాదన్నానా?"

అదే డెల్బర్ట్‌కి చచ్చే చావైంది. ఆటలో ఎవరికైనా తుపాకీ తక్కువైతే పక్కవాడు తనది ఇవ్వడం మర్యాద. రాయిస్ కాల్చి, ఖాళీ చేసి, "ఇదిగో, జాగ్రత్త" అని అందించేవాడు. తన తుపాకీనే తనకి జాగ్రత్త చెప్పి ఇస్తుంటే ఎవడికి మండదు? పైగా అది రాయిస్ చేతిలో మరీ చక్కగా పలికేది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని "రాయిస్ తుపాకీ" అనేవాళ్లు. ఆ మాట విన్న రోజు డెల్బర్ట్ ఇంట్లో అన్నం సయించక ఓపల్ మీద అరిచాడు.

వసంతకాలపు పోటీ రోజున రాయిస్ ఒక్క గుండు కూడా వృథా చేయలేదు. రోజంతా ఒక్కసారీ గురి తప్పనివాడికి టోపీకి గుచ్చుకునే ఓ చిన్న పిన్ను ఇస్తారు. ఇన్నేళ్లలో రాయిస్ టోపీకి ఆ పిన్ను ఎప్పుడూ ఎక్కలేదు. ఇక చివరి విడత మిగిలింది.

గురి తప్పినవి లెక్కపెట్టడానికి ముగ్గురు నిలబడతారు. తప్పు లేదంటే పిడికిలి, ఉంటే వేలు. ముగ్గురిలో ఇద్దరు ఏదంటే అదే చెల్లుతుంది. అనుమానమొస్తే కాల్చినవాడికే వదిలేయాలి, కచ్చితంగా చూస్తేనే వేలెత్తాలి. ఆ విడతకి ఇమొజీన్, ఓర్వల్, డెల్బర్ట్ నిలబడ్డారు.

రాయిస్ చివరి గుండు డెల్బర్ట్ పాత తుపాకీలోంచే వెళ్లింది. పలక ఖంగుమంది. డెల్బర్ట్ విన్నాడు, పలక ఊగడం కూడా చూశాడు. జనం అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు. రాయిస్ ఆ తుపాకీని ముద్దు పెట్టుకున్నాడు. అంతే, డెల్బర్ట్‌కి కళ్లల్లో కారం కొట్టినట్టయింది. వేలెత్తాడు.

ఇమొజీన్ పిడికిలి చూపించింది. చప్పుడు వినపడని ఓర్వల్ డెల్బర్ట్ వైపు చూశాడు. ఆ చుట్టుపక్కల డెల్బర్ట్ కంటికి తిరుగులేదు. ఓర్వల్ కూడా వేలెత్తాడు.

చప్పట్లు ఆగిపోయాయి. రాయిస్ టోపీ తీసి, తల గోక్కుని, తుపాకులు ఖాళీ చేసుకోవడానికి వెళ్లాడు. ఎన్నాళ్లకో డెల్బర్ట్ కడుపు చల్లబడింది. బండి దాకా నడిచేసరికే ఆ చల్లదనం కాస్తా ఆవిరైపోయింది.

బండి దగ్గర రాయిస్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ రివాల్వర్, గుడ్డలో చుట్టి ఉంది.

"తీసుకోరా."

"ఎందుకు? తప్పిందనా? ఒక్కటి తప్పితే ఏం..." డెల్బర్ట్ చూపు గుడ్డ మీదికి పోయింది. "రాయిస్, ఆ చివరిది..."

"నాకూ వినబడిందిరా. నేనేం ఓర్వల్‌ని కాను." రాయిస్ నవ్వలేదు. "ఆ పిన్ను కోసం ఎన్నేళ్లు చూశానో నీకు తెలుసు. నీకంటే బాగా లెక్కపెట్టేవాడు ఇక్కడ లేడు. ఇది నా దగ్గరుంటే నీ కళ్లు పనిచెయ్యవు. నీ కళ్లు నాక్కావాలి, తుపాకీ నువ్వుంచుకో."

డబ్బు మాటెత్తితే రాయిస్ చెయ్యి ఊపేసి తన బండెక్కాడు.

డెల్బర్ట్‌కి రాయిస్ మీద ఈర్ష్య అప్పుడు కలిగినంతగా ఎప్పుడూ కలగలేదు. అలా ఇచ్చేసి వెళ్లిపోవడం తన వల్ల ఈ జన్మకి కాదు. వద్దనాలనుకున్నాడు, ఇమొజీన్ దగ్గరికి పరుగెత్తి నిజం చెప్పాలనుకున్నాడు. కానీ చేతులు అప్పటికే గుడ్డ విప్పి, రాయిస్ దాని మీద ఎక్కడైనా గీతలు పెట్టాడేమోనని వెతుకుతున్నాయి.