వెట్టి మంద

తిరుమలగిరి పక్క పల్లెలో కురుమ గుర్వయ్య తిరిగినంత దూరం ఇంకెవరూ తిరగలేదు. ఎండాకాలం రాగానే గొర్లను తోలుకొని కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డు దాకా, ఒక్కో ఏడు కోస్గి మీదుగా కన్నడ సీమలోకి పోయేవాడు. రాత్రి ఎవరి చేనులో మంద ఆగితే ఆ చేనుకు ఎరువు; పొద్దున ఆ రైతు గింజలు కొలిచి ఇస్తాడు. ఇల్లు గడిచేది ఆ గింజల మీదే. సొంత ఊళ్లో మాత్రం మంద ముందుగా దొర మెట్ట చెలకలో ఆగాలి, గింజ లేకుండా. దాని పేరు వెట్టి.

ఆ మాట ఎక్కడికి పోయినా అతన్ని వదల్లేదు. కన్నడ కాపరులు 'బిట్టి' అన్నారు. వాళ్లకు సంతలో ఊరికే దొరికిన బెల్లం ముక్క కూడా బిట్టే. ఉన్ని కొనవచ్చిన మరాఠీ బేరగాడు 'వేఠ్' అన్నాడు. సర్కారు కచేరీలోనేమో 'బేగార్'. అది సంస్కృతంలో 'విష్టి' అని, రాజుల కాలం నుంచీ ఉందని ఊరి అయ్యవారు చెప్పాడు.

"గంత పాతదా అయ్యగారూ? ఇన్నేండ్లల్ల ఒక్కలు గూడ వద్దనలేదా?"

"అన్నోళ్ల సంగతి ఎవడు రాసిపెట్టిండురా," అన్నాడాయన, కొంచెం దిగులుగానే.

దొరల మీద లేచిన సంఘం ఊళ్లోకి వచ్చాక ఊరంతా వెట్టి వద్దంది. దొర కోటలాంటి తన గడికి తాళమేసి పట్నం పోయాడు. అతని చెలక ఒకటి సంఘం సత్తమ్మకిచ్చింది. ఆమె మొగుణ్ని రజాకార్లు కాల్చి చంపారు. యూనియన్ సైన్యం వచ్చి రజాకార్లు పోయినప్పుడు ఊరు పండుగ చేసుకుంది. ఆ సంబరం తీరకముందే పోలీసు జీపు వెనకాలే దొర కూడా దిగాడు.

సంఘం వాళ్లను పట్టడానికి ఊరి బయట పోలీసు క్యాంపు పడింది. అక్కడి అరవ సిపాయి గుర్వయ్య మందలోని మేకపాలకు వచ్చి, తమ దిక్కు 'వెట్టి' అంటే పనికిరానిది, ఉత్తది అని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. తాతల నాటి నుంచి చేసిన చాకిరీకి ఆ పేరా అని గుర్వయ్య మనసు చివుక్కుమంది.

ఆ ఎండాకాలం ఒక పొద్దున దొర మనిషి దుర్గయ్య వచ్చాడు.

"గుర్విగా, ఇయ్యాల మంద దొర చెల్కల ఆపు. వెట్టి గాదులే, ఫికర్ జెయ్యకు. దొర దీన్ని సేవ అంటుండు."

"గింజలిస్తడా?"

"సేవకు గింజలేందిరా!"

"మా గొర్లకు సదువు రాదు దుర్గన్నా. పేరు మార్చినా గదే పెంట ఏస్తయి."

నవ్వుతూనే అన్నాడు గాని, దుర్గయ్య పోయాక క్యాంపు దిక్కు ఒకసారి చూశాడు. ఆ రాత్రికి మంద పెడతానని సత్తమ్మకు ముందే మాటిచ్చాడు. ఎరువు పడకపోతే ఆ చెలకలో జొన్న లేవదు. చేను బీడై పడావు పడితే ఆ సాకుతో దొర లాక్కుంటాడు.

"క్యాంపు పక్కనే ఉన్నది. కొడతరు," అంది అతని భార్య గోపమ్మ.

"కొడతరు."

"మరి?"

"రాజుల కాలం సంది భయపడుకుంటనే వస్తున్నమంట గదనే."

గోపమ్మ మంద చుట్టూ కట్టే తడకలు నెత్తికెత్తుకొని ముందు నడిచింది.

పొద్దుగూకే వేళకు మంద సత్తమ్మ చెలకలో ఆగింది. ఆమె చేటలో జొన్నలు తెచ్చింది. ఇంట్లో ఉన్నవి అవే.

"ఎక్కువ లేవు గుర్వయ్యన్నా."

"ఉన్నయే పొయ్యి చెల్లే. ఊకె ఆపితే గిది గూడ వెట్టే అయితది," అని గొంగడి కొంగు పట్టాడు.

తెల్లారి అతన్ని క్యాంపుకు పట్టుకుపోయారు. వానలు ముదిరాక వచ్చాడు, కుడికాలు ఈడ్చుకుంటూ. మందలో మంచి పొట్టేలు లేదు. గడిలో కోసుకు తిన్నారు. ఇంటికి పోకుండా ముందు సత్తమ్మ చెలకకు పోయాడు. జొన్న భుజాల దాకా లేచి ఉంది.

కోతలయ్యాక దొర ఆ భూమి లాక్కున్నాడు. పోలీసులు పక్కన నిలబడి చూశారు. అయితే ఆ ఏటి పంట అప్పటికే సత్తమ్మ ఇల్లు చేరింది. గుర్వయ్య మాత్రం బతికినన్నాళ్లూ గింజ కొలవని చేనులో మంద ఆపలేదు. మరుసటి ఏడు దొర లాక్కున్న ఆ చెలక ఎరువు లేక, పైరు లేవక ఎర్రమట్టిగా పడి ఉంది.