చక్రాల డబ్బాలో ఆంటీ బీరు

పోయిన నెల మా ఆంటీ పోయారు. ఆమెతో నాకు చుట్టరికం ఏమీ లేదు. స్కార్‌బరోలో నేను స్టూడెంట్‌గా దిగిన బేస్‌మెంట్‌కి ఆమె ఓనరు, పైనే ఉండేవారు. ఆఫీసుకని మార్కమ్ వెళ్తూ బస్సులో ఉండగా ఆమె కూతురు ఫోన్ చేసి, పొద్దున నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పింది. తర్వాతి స్టాపులో దిగిపోయాను. ఎటు వెళ్లాలో తోచక చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

అంత్యక్రియల రోజు చర్చిలో ఆమె గురించి చాలామంది మాట్లాడారు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ హాస్పిటల్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేశారన్నారు. భర్త పోయాక ఒక్కరే కూతుర్ని పెంచారన్నారు. చర్చిలో పాటలు పాడే క్వాయిర్‌ని నిలబెట్టింది ఆమేనన్నారు. అన్నీ నిజాలే. బీరు సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఆంటీ ఇంట్లో బీరు చేసేవారు. చాలా మంచి బీరు చేసేవారు. బతికుండగా ఆమె ఎవరి దగ్గరా దాచని విషయాన్ని, పోయాక మనం దాచిపెట్టడమేమిటి? అందుకే ఇది రాస్తున్నాను.

నేను వరంగల్ నుంచి, నా రూమ్మేట్ రాజమండ్రి నుంచి వచ్చాం. ఆ ఏళ్లలో ప్రతి ఫ్లైటులోనూ మాలాంటివాళ్లు దిగుతూనే ఉన్నారు. క్లాసులో కూర్చోవడానికి కుర్చీ దొరికితే ఉండడానికి గది దొరికేది కాదు. ఆంటీ మా ఇద్దరికీ గది ఇచ్చారు. వచ్చిన మొదటి శనివారం ఇల్లంతా హార్లిక్స్ కాచినట్టు కమ్మటి వాసన. లాండ్రీ రూములో చూస్తే, దుప్పటి కప్పిన పెద్ద గాజు సీసాలో ఏదో బుడగలు వదులుతోంది. భయపడి పైకెళ్లి అడిగాం.

"బీరు" అన్నారు ఆంటీ, సాంబారు అన్నంత మామూలుగా. "ముప్పై ఏళ్లు మనుషులకి జబ్బు చేసే క్రిముల్ని పెంచి చూశాను. రిటైరయ్యాక, సంతోషపెట్టేవాటిని పెంచుకుంటున్నా."

ఆమె తాగేది వారానికి ఒక్క గ్లాసు. మిగతాదంతా వచ్చినవాళ్లకే. ఎవరికీ అమ్మేవారు కాదు. ఇక్కడి చట్టం ప్రకారం తాగడానికి పంతొమ్మిదేళ్లు నిండాయో లేదో కార్డు చూడకుండా పోసేవారు కాదు. కారులో వచ్చినవాడికి తాగాక తాళం తిరిగిచ్చేవారు కాదు, బస్సు టైము చెప్పి పంపేవారు. గొట్టాలూ సీసాలూ కడగడంలో ల్యాబ్ పద్ధతే. నేను కడిగినదాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టేవారు.

రెండో ఏడాది మా రూమ్మేట్ పెళ్లి కుదిరింది. కుదిర్చింది ఎవరూ కాదు, తనే. అబ్బాయి ఎటోబికోలో గోడౌన్లో పనిచేస్తూ చదువుకుంటున్నాడు. కులం వేరని రాజమండ్రిలో అమ్మానాన్నలు ఫోన్లు ఎత్తడం మానేశారు. అరగంట దూరంలో ఉన్న సొంత బాబాయి కూడా రానన్నాడు. అబ్బాయి స్నేహితుడి ఇంటి పెరట్లో, మధ్యాహ్నం, స్టూడెంట్ల మధ్యే పెళ్లి. విషయం తెలిసి ఆంటీ రూమ్మేట్‌ని పిలిచి, పెళ్లికి బీరు తన వంతు అన్నారు.

చిక్కల్లా దాన్ని అంతదూరం మోసుకెళ్లడంలోనే. సీసాల్లో నింపితే వంద సీసాలు కడగాలి. ఆంటీ కాగితం మీద బొమ్మ గీశారు. కొత్త ప్లాస్టిక్ చెత్తడబ్బా ఒకటి, చక్రాలున్నది, కొనుక్కొచ్చాం. లోపల చుట్టూ క్యాంపింగ్‌కి వాడే దళసరి చాప అతికించాం. మధ్యలో స్టీలు కెగ్, అంటే బీరు నింపే పొడుగాటి డ్రమ్ము. దాని చుట్టూ ఐసు. డబ్బా పక్కన కన్నం చేసి కుళాయి బిగించాం. బీరుని కుళాయిలోకి నెట్టే చిన్న గ్యాస్ సిలిండర్‌ని బయట పిడికి బెల్టుతో కట్టాం. ప్రతి అతుకుమీదా సబ్బునీళ్లు రాసి, ఎక్కడ బుడగ వస్తే అక్కడ మళ్లీ బిగించాం. డ్రిల్లు ఆంటీయే పట్టుకున్నారు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

మొదటిసారి కుళాయి తిప్పితే గ్లాసునిండా నురగే. రెండోసారీ అంతే. బీరు చెడిపోయిందేమో అన్నాను.

"తప్పు బీరుది కాదమ్మాయ్. మనమే దాన్ని తొందరపెడుతున్నాం."

లోపలి గొట్టం పొట్టిగా ఉందని కనిపెట్టారు. నాలుగింతలు పొడుగున్నది తెచ్చి, చుట్టలు చుట్టి ఐసులో పెడదామన్నారు.

ఆ పని సగంలో ఉండగా చర్చి పెద్దలు ముగ్గురు వచ్చారు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను, మాటలన్నీ వినబడుతున్నాయి. వాళ్లలో పెద్దాయన చాలా మర్యాదగానే మాట్లాడాడు. ఇంట్లో ఆమె ఏం చేసుకున్నా తామెప్పుడూ అడగలేదన్నాడు. నలుగురిలోకి, అదీ పెద్దల్ని కాదని చేసుకుంటున్న పెళ్లికి తీసుకెళ్తే మాత్రం, క్వాయిర్ ముందు ఆమె నిలబడడం బాగుండదన్నాడు. ఆ క్వాయిర్‌ని ఆంటీ ఇరవై ఏళ్లుగా నడుపుతున్నారు.

ఆమె గొంతు పెంచలేదు.

"ఆ పిల్ల పెళ్లికి పెద్దవాళ్లంటూ ఒక్కరూ రావడం లేదు. ఆ సంగతి మాట్లాడ్డానికి మీరెవరైనా వస్తారేమోనని వారంరోజులుగా చూస్తున్నా. బీరు సంగతి మాట్లాడ్డానికి ముగ్గురొచ్చారు. క్వాయిర్ మీరు చూసుకోండి. పెళ్లికి నేను వెళ్తాను."

వాళ్లు వెళ్లాక పాటల ఫైలు ఒళ్లో పెట్టుకుని, దాని అట్ట నిమురుతూ అలాగే కూర్చుండిపోయారు. నేను టీ కప్పులు తీస్తుంటే, గొట్టం ఎంత పొడుగు కావాలో కొలిచావా అని అడిగారు.

కూతురు కూడా వద్దనే అంది. చిన్నప్పట్నుంచి తను తిరిగిన చర్చి అది, రేపు అందరి మొహాలూ ఎలా చూడాలని ఇంగ్లీషులో గొడవపడింది. పెళ్లిరోజు పొద్దున మాత్రం వ్యాన్ తీసుకొచ్చి, డబ్బాని మాతో కలిసి తనే ఎక్కించింది. దారిలో కుదుపు తగలకుండా ప్రతి గుంత దగ్గరా స్లో చేసింది.

పెళ్లికూతురి తరఫున సాక్షి సంతకం ఆంటీయే పెట్టారు. తర్వాత పట్టుచీర మీద ఏప్రన్ కట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డారు. గ్లాసు వంచి పట్టుకుని, అంచు వెంబడే నెమ్మదిగా పోసేవారు. పైన రెండువేళ్ల మందం నురగ, కింద తేనెరంగు. పోసేలోపు ప్రతి ఒక్కరినీ ఏ ఊరని అడిగేవారు. నెలల తరబడి ఇక్కడ మమ్మల్ని వీసా స్టేటస్ ఏమిటని తప్ప ఊరు ఏదని అడిగినవాళ్లు లేరు.

ఆ ఇంటి వెనకవైపు ఉండే మన తెలుగు అంకుల్ ఒకాయన కూడా గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఈ స్టూడెంట్లు గుంపులుగా దిగి, ఇన్నేళ్లుగా ఇక్కడ మనం తెచ్చుకున్న పేరు పాడుచేశారని, మేం పక్కనుండగానే ఆంటీతో అన్నాడు. ఆమె కుళాయి కట్టేశారు. ఆయన గ్లాసు సగమే నిండింది.

"నేను వచ్చినప్పుడు కూడా ఇదే మాట అన్నారండి. అన్నవాళ్ల పేర్లు ఇప్పుడు నాకు గుర్తు కూడా లేవు" అన్నారు. "ఈ బీరు ఈ పిల్లల కోసం చేసింది. వాళ్లంతా తాగాక మిగిలితే, మీ మిగతా సగం పోస్తాను."

ఆయన పక్కకి వెళ్లి నిలబడ్డాడు. మిగల్లేదు.

క్వాయిర్ ఆమె చేతిలోంచి పోయింది. ఆంటీ చర్చికి వెళ్లడం మానలేదు. చివరి బెంచీలో కూర్చుని తన గొంతు తను పాడేవారు. ముందు నిలబడ్డవాళ్లు శ్రుతి తప్పినప్పుడల్లా వెనక నుంచి ఆమె గొంతు పట్టుకునే దారిలో పడేవారు. ఏడాది తిరక్కుండా ఆ పెద్దాయనే వచ్చి మళ్లీ నడపమని అడిగాడు. ఒప్పుకున్నారు. ఆయన కూర్చునుండగానే, లాండ్రీ రూములో కొత్త బ్యాచ్ పెట్టానని కూడా చెప్పారు.

చదువు అయ్యాక నేను ఆరు స్టాపుల అవతల అపార్ట్‌మెంట్ టవర్లోకి మారాను. ఎనిమిది నెలలు ఉద్యోగం రాలేదు. వర్క్ పర్మిట్ రోజులు కరిగిపోతున్నాయి. ఒక దశలో ఆంటీ ఫోన్ ఎత్తడం కూడా మానేశాను, ఏం చెప్పాలో తెలియక. మార్కమ్ ఆఫీసు నుంచి ఆఫర్ వచ్చిన రోజు మొదట ఆమెకే చేశాను. మంచిదమ్మా అని పెట్టేశారు, అంతే. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. ఆరోజు మంచుతుపాను, బస్సులు ఆగిపోయాయి.

గంటన్నర తర్వాత కిటికీ దగ్గరికెళ్లి కిందికి చూశాను. పేవ్‌మెంట్ల మీద మంచు ఇంకా ఎవరూ తవ్వలేదు. రోడ్డు మధ్యలోంచి, ఊదారంగు కోటులో ఒక పొట్టి మనిషి, పిల్లలు మంచు మీద జారి ఆడుకునే స్లెడ్డుని తాడుతో లాక్కుంటూ వస్తోంది. దాని మీద దుప్పట్లో చుట్టి, తాళ్లతో బిగించిన చిన్న కెగ్. వెనక ఒక కారు, దాని వెనక ఇంకో రెండు, లైట్లు వేసుకుని ఆమె నడకకి తగ్గట్టు మెల్లగా వస్తున్నాయి. ఎవరో హారన్ కొట్టారు. ఆంటీ తిరిగి చూడలేదు, పక్కకీ జరగలేదు. తాడు భుజం మీదికి మార్చుకుని, ఇంకాస్త ముందుకి వంగి, అదే నడకతో నడుస్తూ వచ్చారు.